చింతగింజా, జువ్వి కొమ్మా?

బోన్సాయ్‌ని, అంటే కుండీలో పొట్టిగా పెంచే చెట్టుని, గింజతో మొదలుపెట్టాలా, కొమ్మతోనా అంటే నా ఓటు గింజకే. ఆన్‌లైన్‌లో అమ్మే ‘బోన్సాయ్ విత్తనాలు’ అంటూ వేరే జాతేమీ లేదు. అవి మామూలు చెట్టు గింజలే, పొట్టిగా ఉంచేది మన కత్తెర.

బాగా పండిన చింతకాయలోంచి గింజ తీసి, ఒక చివర గరుకు కాగితంతో కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి నాటండి. ఒకటి రెండు వారాల్లో మొలక మెడ వంచుకుని, రెండు లావు పప్పుబద్దలను నెత్తిన మోసుకుంటూ మట్టిలోంచి లేస్తుంది. తర్వాత వచ్చే చిట్టి ఆకులు చీకటి పడేసరికి ముడుచుకోవడం చూస్తే ఎంత ముచ్చటో! కుండీ మార్చేటప్పుడు తల్లివేరు కత్తిరిస్తే పక్కవేళ్లు చుట్టూ సమంగా పరుచుకుంటాయి. మాను అడుగున వేళ్లు అలా పరుచుకున్న అందం గింజ మొక్కకే బాగా కుదురుతుంది. కాకపోతే మాను లావెక్కడానికి పదేళ్లయినా పట్టొచ్చు.

మర్రి జాతిదైన జువ్వికి అంత ఆగక్కర్లేదు. వానాకాలంలో బొటనవేలంత కొమ్మ గుచ్చితే నెలా నెలన్నరలో వేళ్లు పోసుకుంటుంది. లావు మాను మొదటిరోజే చేతికొచ్చినట్టు, పైగా తల్లిచెట్టు ఆకు తీరే వస్తుంది. వేళ్లు మాత్రం తరచూ ఒక పక్కకే పోతాయి, కొమ్మ అడుగుని సమంగా కోసి నాటితే కొంత నయం.