సికింద్రాబాద్–గుంటూరు: జనరల్ టికెట్టుతో ఆరేళ్లు

సొంతూరు గుంటూరు, ఉద్యోగం హైదరాబాదులో. కరోనాతో జనరల్ టికెట్లు ఆగిపోయిన రోజులు పోను, ఆరేళ్లుగా నెలకు రెండుసార్లయినా ఈ టికెట్టు మీదే తిరుగుతున్నాను. మొదట్లో కౌంటర్ ముందు వరుసలో నిలబడి కొనేవాణ్ణి, ఇప్పుడు ఫోనులో కొంటున్నాను. చిల్లర బెడద లేదు, అనుకున్న పూటే బయలుదేరవచ్చు. అంతవరకు పేరు పెట్టడానికి లేదు. చిక్కంతా అది దేనిలో చెల్లుతుంది, ఎంతసేపు చెల్లుతుంది అన్న దగ్గరే.

ముందు దారి సంగతి. సికింద్రాబాద్ నుంచి గుంటూరుకు రెండు దారులున్నాయి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ లాంటివి కాజీపేట, విజయవాడ మీదుగా చుట్టు తిరిగి వస్తాయి. పల్నాడు, నారాయణాద్రి, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు నల్లగొండ, మిర్యాలగూడ, నడికుడి మీదుగా వస్తాయి. రెంటికీ తేడా దాదాపు 100 కిలోమీటర్లు, ఆ మేరకు ఛార్జీలోనూ తేడా. ఫోనులో ఊళ్ల పేర్లు నొక్కగానే ఏ దారి అని అడుగుతుంది. ఒక మే నెల మధ్యాహ్నం నేను ఆ గళ్లు చదవకుండా, తక్కువ డబ్బు కనిపించిన దాన్ని నొక్కేసి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాను. పక్కన మామిడిపండ్ల బుట్టతో కూర్చున్న పెద్దాయన నా ఫోనులోకి తొంగి చూసి, "బాబూ, ఇది నల్లగొండ మీదుగా తీశావు. ఈ బండి కాజీపేట వైపు వెళ్తుంది కదా" అన్నారు. చూస్తే నిజమే. పోనీ రద్దు చేద్దామంటే కాగితం లేని టికెట్టుకు రద్దు లేదు. కౌంటర్‌కు పరుగెత్తి, మళ్లీ డబ్బు కట్టి, కదులుతున్న బండిలో పడ్డాను. ఎండకు కాదు, సిగ్గుకు చెమటలు పట్టాయి. ఆ రోజు నుంచి టికెట్టు మీద రెండు ఊళ్ల పేర్ల కన్నా ముందు 'వయా' అన్న వరుస చూస్తాను. అక్కడ స్టేషన్ల పేర్లు పొడి అక్షరాల్లో ఉంటాయి. కేజెడ్‌జే అంటే కాజీపేట, బీజెడ్‌ఏ అంటే విజయవాడ, ఎన్‌ఎల్‌డీఏ అంటే నల్లగొండ. ఈ మూడూ గుర్తుంటే మా దారిలో చాలు.

బండి రకం కూడా చూసుకోవాలి. నల్లగొండ దారిలో పల్నాడు, నారాయణాద్రి నంబర్లు 12తో మొదలవుతాయి, అంటే సూపర్‌ఫాస్ట్‌లు. విశాఖ ఎక్స్‌ప్రెస్ నంబరు 17తో మొదలవుతుంది, అది మామూలు ఎక్స్‌ప్రెస్. సగటున గంటకు 55 కిలోమీటర్లు నడిస్తే సూపర్‌ఫాస్ట్ అట. (జనరల్ పెట్టెలో ఒంటికాలి మీద నిలబడినవాడికి ఏ వేగమైనా ఒకటే అనుకోండి.) సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే మామూలు ఛార్జీ మీద అదనపు రుసుము కట్టాలి, జనరల్‌కు అది 15 రూపాయలు. అది కట్టని కుర్రాడొకడు నా కళ్ల ముందే టీటీఈకి దొరికి, ఆ తేడాతో పాటు 250 రూపాయల జరిమానా కట్టాడు. సూపర్‌ఫాస్ట్ టికెట్టుతో మామూలు ఎక్స్‌ప్రెస్ ఎక్కవచ్చు, ఎక్స్‌ప్రెస్ టికెట్టుతో సూపర్‌ఫాస్ట్ ఎక్కకూడదు. ఏ బండి దొరుకుతుందో తెలియని రోజున నేను ఆ 15 రూపాయలు కట్టేస్తాను.

సమయం దగ్గర నేను రెండోసారి బోల్తా పడ్డాను. 199 కిలోమీటర్ల లోపు ప్రయాణమైతే, టికెట్టు కొన్న మూడు గంటల్లో గానీ, ఆ ఊరికి వెళ్లే మొదటి బండి కదిలేలోగా గానీ, ఏది ఆలస్యమైతే అంతలోపు బయలుదేరాలి. ఒక ఆదివారం గుంటూరులో పొద్దున్నే మిర్యాలగూడకు టికెట్టు తీసి, సాయంత్రం బండికి వెళ్లవచ్చని నిద్రపోయాను. లేచేసరికి దానికి కాలం చెల్లింది. 200 కిలోమీటర్లు, ఆపైన అయితే మూడు రోజుల ముందే కొనుక్కోవచ్చు.

ఫోనులో కొనేవాళ్లకు ఇంకో మాట. పట్టాలకు మరీ దగ్గరగా ఉంటే టికెట్టు రాదు. స్టేషన్ బయటే కొనాలి, లేదా అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్ వెతుక్కోవాలి. తీసిన ఫోనులోనే చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. చార్జింగ్ అయిపోయిందా, టికెట్టు లేనట్టే లెక్క. నేను ఇప్పటికీ అర్ధరాత్రి ప్రయాణాలకు కౌంటర్‌లో కాగితం టికెట్టే తీసుకుంటాను.

మా అక్క ఇల్లు మిర్యాలగూడలో. హైదరాబాదు నుంచి వస్తున్నానంటే చాలు, "దిగి భోంచేసి తర్వాత బండికి వెళ్లరా" అంటుంది. మధ్యలో దిగి మళ్లీ అదే టికెట్టుతో ఎక్కే వెసులుబాటు 500 కిలోమీటర్లు దాటిన ప్రయాణాలకే అని ఎంత చెప్పినా నమ్మదు. "మన బండి, మన డబ్బు, దిగితే ఏమవుతుంది?" అని వాదిస్తుంది. చివరికి మా బావే దారి కనిపెట్టారు. బండి ఆగే ఆ కాసేపట్లో జనరల్ పెట్టె కిటికీ దగ్గరికి వచ్చి క్యారియర్ అందిస్తారు. గోంగూర పచ్చడి గిన్నె పై అరలో ఉంటుంది.