హరికథ రికార్డింగులకు ఆడాసిటీ: ఫేడ్‌ల వరకు నా అనుభవం

మా కోనసీమలో నవమి పందిళ్ళలోను, దేవుడి కల్యాణాల్లోను చెప్పే హరికథలు రికార్డు చేసి, శుభ్రం చేసి ఊళ్ళో వాళ్ళ ఫోన్లకు పంపుతుంటాను. ఏళ్ళ తరబడి దీనికి ఆడాసిటీనే వాడుతున్నాను. ధ్వనిని రికార్డు చేసి దిద్దుకోవడానికి 2000లో మొదటిసారి విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇందులో చాలా సదుపాయాలున్నాయి కానీ, నేను ప్రతి రికార్డింగుకూ వాడేది ఫేడ్‌లు, అంటే ధ్వనిని మొదట్లో మెల్లగా పెంచడం (ఫేడ్ ఇన్), చివర్లో మెల్లగా తగ్గించడం (ఫేడ్ ఔట్). అందుకే వాటి గురించే రాస్తున్నాను.

పందిరి రికార్డింగులో నిశ్శబ్దం అనేది ఉండదు. జనరేటర్ మోత, పిల్లల అరుపులు, మైకు గీ అనడం, అన్నీ ఉంటాయి. మొదట్లో కట్ చేసి వదిలేస్తే ఆ మోతంతా ఒక్కసారిగా చెవిలో పడుతుంది. రెండు సెకన్ల ఫేడ్ ఇన్ చాలు, వినేవాళ్ళు మెల్లగా పందిట్లోకి వచ్చి కూర్చుంటారు. దాసుగారి మొదటి మాట మీద మాత్రం ఫేడ్ పడకూడదు.

అసలు సంగతంతా ముగింపులోనే ఉంది. మామూలు ఫేడ్ ఔట్ ధ్వనిని సరళరేఖలో తగ్గిస్తుంది. చెవి అలా వినదు. సగం దూరం వచ్చేసరికి తగ్గేది 6 డెసిబెల్సే, ఆ తర్వాత చివర్లో గబుక్కున పడిపోతుంది. మంగళం పాడేటప్పుడు ఇది చాలా ఎబ్బెట్టుగా ఉంటుంది. స్టూడియో ఫేడ్ ఔట్ అలా కాదు. వంపు తిరిగిన గీతలో తగ్గిస్తూ, పైస్థాయి ధ్వనులను కూడా క్రమంగా వడకడుతుంది. ముందు చిడతల గలగల పోతుంది, తర్వాత వయొలిన్, చివరికి హార్మోనియం శ్రుతి ఒక్కటే మిగులుతుంది. కథ అయ్యాక కాలవగట్టు మీద ఇంటికి నడిచి వస్తుంటే వెనకనుంచి వినిపించేది అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ ఒక్క ఎఫెక్ట్ కోసమైనా ఆడాసిటీ వాడొచ్చంటాను.

మధ్యలో కరెంటు పోతే ఒకే కథ రెండు ముక్కలవుతుంది. వాటిని కలపడానికి, ఒక ముక్కను తగ్గిస్తూనే రెండోదాన్ని పెంచే క్రాస్‌ఫేడ్ ట్రాక్స్ ఉంది. చప్పట్ల నుంచి పద్యంలోకి వెళ్ళేటప్పుడు అందులో కాన్‌స్టంట్ గెయిన్ అనే రకం పెడితే నడుమ ధ్వని పల్చబడుతుంది, కాన్‌స్టంట్ పవర్ పెడితే నిండుగా ఉంటుంది.

నచ్చనిదీ ఉంది. మామూలు ఫేడ్‌లు విండో ఏదీ తెరవకుండానే నేరుగా పడిపోతాయి. నచ్చకపోతే కంట్రోల్ జెడ్ కొట్టి మళ్ళీ మొదలెట్టాలి. ప్రాజెక్ట్ మూసేశాక ఆ అవకాశం కూడా ఉండదు. అందుకే ఫేడ్ వేసే ముందు కంట్రోల్ డితో ట్రాక్‌కు నకలు తీసి పక్కన పెట్టుకుంటాను. తర్వాత మార్చుకోవాలనుకునే చోట, ట్రాక్ మీద చుక్కలు పెట్టి ధ్వనిని పెంచి తగ్గించుకునే ఎన్వలప్ టూల్ మేలు, దాని చుక్కలను ఎప్పుడైనా జరుపుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. చివరి ఫేడ్‌ను ఇయర్‌ఫోన్లలో విని వదిలేయకండి, ఫోన్ స్పీకర్లో కూడా వినండి. స్టూడియో ఫేడ్ చివర్లో మిగిల్చేది కిందిస్థాయి శ్రుతినే, చిన్న స్పీకర్ దాన్ని సరిగ్గా పలికించలేదు. దాంతో మంగళం రెండు మూడు సెకన్ల ముందే అయిపోయినట్టు వినిపిస్తుంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు వినేది ఫోన్ స్పీకర్లోనే. వాళ్ళకు పంపే కాపీకి మాత్రం నేను అడ్జస్టబుల్ ఫేడ్ అనే ఎఫెక్ట్‌లో ఎస్-కర్వ్ (ఎస్ అక్షరంలా వంపు తిరిగిన గీత) పెడతాను, అది పైస్థాయి ధ్వనులను వడకట్టదు కాబట్టి చిడతలు చివరిదాకా వినపడతాయి.