సగం ధరకు వచ్చే కాంపోజిట్ సిరంజిలతో జాగ్రత్త

సొంతంగా చిన్న క్లినిక్ నడుపుకుంటున్న తోటి దంత వైద్యులకు ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో చవకగా వస్తున్నాయని కాంపోజిట్ సిరంజిలు కొన్నాను. పుచ్చిన పంటిలో నింపి, నీలి కాంతితో గట్టిపరిచే పంటి రంగు ముద్దే కాంపోజిట్. పదకొండు మంది నోళ్లలో పెట్టిన తర్వాత గానీ అది పనికిరాని సరుకని నాకు తెలియలేదు.

ఏప్రిల్ చివర్లో నాకు ఎప్పుడూ సరుకు ఇచ్చే డీలరు దగ్గర ఎ2 షేడ్ (పంటి రంగుల్లో ఒక ఛాయ) అయిపోయింది. వారం ఆగమన్నారు. ఈలోగా ఫోనులో వెతికితే అదే కంపెనీ పేరు, అదే పెట్టె బొమ్మ కనిపించాయి. నాలుగు గ్రాముల సిరంజి ధర మాత్రం నేను మామూలుగా కొనేదానిలో సగం. ఎ2 నాలుగు, ఎ3 రెండు తెప్పించాను. ఐదో రోజు మధ్యాహ్నం మామూలు ప్లాస్టిక్ సంచిలో పార్శిల్ వచ్చింది. విజయవాడ ఎండ సంగతి మీకు తెలుసు. పెట్టె చేతికి వెచ్చగా తగిలింది. నేను వాడే కాంపోజిట్‌ను 2 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలని లేబుల్ మీదే ఉంటుంది. ఆ క్షణమే వెనక్కి పంపాల్సింది. పంపలేదు.

మొదటి సిరంజి పిడి తిప్పినప్పుడే ముద్ద బిగుసుకుని వచ్చింది. పంటి గోడకు అంటుకోకుండా పొడిపొడిగా విరుగుతూ, నా చేతిలోని పరికరానికే అతుక్కునేది. ఏసీ చల్లదనం వల్ల గట్టిపడిందేమో అనుకుని బల్ల మీద కాసేపు ఉంచి వాడాను. మీకు ఇలా జరిగితే దయచేసి నాలా సర్దిచెప్పుకోకండి. మంచి కాంపోజిట్ గది వేడికి వచ్చాక మెత్తగా, నునుపుగా సాగాలి.

మూడు వారాలకు ఒక స్కూలు టీచరు తిరిగి వచ్చారు. చల్లని నీళ్లు తగిలితే కింది దవడ పన్ను జివ్వుమంటోందన్నారు. ఫిల్లింగ్ అంచున సన్నటి గోధుమ రంగు గీత ఉంది. తీసి చూస్తే పైపొర రాయిలా ఉంది, అడుగున మాత్రం మైనంలా మెత్తగా ఉంది. ఈ పదార్థంతో అసలు ప్రమాదం ఇదే. నీలి కాంతి తగిలిన పైభాగం గట్టిపడి, మెరిసి, కొరికి చూస్తే బాగానే ఉంటుంది. గట్టిపడని రెసిన్ (కాంపోజిట్‌లోని జిగురు పదార్థం) లోపల, నరానికి దగ్గరగా మిగిలిపోతుంది. రోగికి గానీ మనకు గానీ ఆ రోజు ఏమీ తెలియదు.

మొదట నా చేతినే అనుమానించాను. తర్వాత ఫిల్లింగును పంటికి అంటించే బాండింగును, ఆ తర్వాత నీలి కాంతినిచ్చే క్యూరింగ్ లైటును. లైటు కొలతలో సరిగానే ఉంది. చివరికి ఇలాంటి ఫిల్లింగ్ పదార్థాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 4049లోని గీకుడు పరీక్షను క్లినిక్‌లోనే చేశాను. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న లోహపు గొట్టం ముక్కలో కాంపోజిట్ నింపి, రెండు వైపులా పారదర్శక పట్టీ పెట్టి, పై నుంచి 20 సెకన్లు కాంతి ఇచ్చాను. బయటికి తోసి, అడుగున మెత్తగా ఉన్నదంతా ప్లాస్టిక్ గరిటెతో గీకేశాను. మిగిలిన గట్టి భాగం పొడవును సగం చేస్తే, ఆ పదార్థం నమ్మకంగా గట్టిపడే లోతు వస్తుంది. మామూలు షేడ్‌కు అది కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. డ్రాయరులో మిగిలిన పాత సిరంజికి 2.6 వచ్చింది. అదే లైటు, అదే సమయం, కొత్తదానికి ఒక్క మిల్లీమీటరు. నేనేమో ఎప్పటిలాగే రెండు మిల్లీమీటర్ల పొరలుగా నింపుతూ వచ్చాను.

అప్పుడు పెట్టెను పట్టి చూశాను. గడువు తేదీ దగ్గర చిన్న స్టిక్కరు ఉంది. గోటితో లేపితే కింద అచ్చయిన తేదీ దాటి పద్నాలుగు నెలలైంది. పెట్టె మీద ఒక లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు), సిరంజి మీద మరొకటి. దిగుమతి సరుకు లేబుల్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు ఉండాలని 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు చెబుతాయి. అవేవీ లేవు. కంపెనీ వారికి ఫోను చేస్తే ఆ లాట్ తమ ద్వారా ఈ దేశానికి రాలేదన్నారు. ఆ ఫోను సిరంజి తెరవక ముందే చేసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఐదు నిమిషాల పని.

అమ్మిన వారు తెరిచిన సిరంజిలు వెనక్కి తీసుకోం అన్నారు. తెరవని నాలుగింటి డబ్బు మాత్రం వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను. క్లినిక్ కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్వయం ఉపాధితో జీవనం కోసమే కొన్న సరుకుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది. పెట్టెలు, బిల్లు, పార్శిల్ మీది చిరునామా చీటీ పారేయకండి. నేను సంచి పారేశాను, ఆ చీటీ లేక ఫిర్యాదులో చాలా ఇబ్బంది పడ్డాను.

డబ్బు పోయిందన్నది నాకు పెద్ద బాధ కాదు. కేసు షీట్లలో లాట్ నంబరు రాసే అలవాటు లేకపోవడంతో ఎవరికి ఏ సిరంజి వాడానో తేదీలు, షేడ్‌లు చూసి పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు ప్రతి షీటులోనూ రాస్తున్నాను. పదకొండు మందిలో తొమ్మిది మందిని పిలిపించి, జరిగింది దాచకుండా చెప్పి, రుసుము తీసుకోకుండా మళ్లీ నింపాను. వారిలో పన్నెండేళ్ల బాబు ఉన్నాడు. నేను చేసినప్పుడు మామూలు ఫిల్లింగుతో పోయే పన్ను అది. ఇప్పుడు రూట్ కెనాల్ దాకా వచ్చింది. వాళ్ల అమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మిగిలిన ఇద్దరిలో ఒకరు వచ్చే వారం వస్తామన్నారు. మరొకరు పెద్దాయన, ఆయన ఇచ్చిన నంబరు పనిచేయడం లేదు. షీటులో ఊరి పేరు ఉంది. ఆదివారం బస్సెక్కి వెళ్లి ఇల్లు వెతుకుతాను.