పేరు రాకముందు బోవీ: 'ఎర్లీ ఆన్' సీడీ

1969లో 'స్పేస్ ఆడిటీ' పాటతో పేరు రాకముందు బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ పాడిన పాటలివి. రైనో రికార్డు కంపెనీ ఈ సీడీని 1991లో తెచ్చింది. మొదటిది 1964 నాటి 'లైజా జేన్', కింగ్ బీస్ బ్యాండ్‌తో. అప్పటికి 17 ఏళ్లు, పేరు డేవీ జోన్స్. హుషారు బోలెడంత, కానీ ఆ గొంతు ఇంకా అరువుదే.

మానిష్ బాయ్స్ బ్యాండ్‌తో పాడిన 'ఐ పిటీ ద ఫూల్'లో గిటార్, తర్వాత లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ పెట్టిన జిమ్మీ పేజ్‌ది! ఆ ముక్క వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నాను. డెమోలు (నమూనాగా పాడి రికార్డు చేసినవి) కాస్త చప్పగా ఉన్నాయి.

నాకు మాత్రం 1966 నాటి 'కాంట్ హెల్ప్ థింకింగ్ అబౌట్ మీ' ఒక్కటి చాలు. బోవీ అనే పేరుతో వచ్చిన మొదటి రికార్డు అదే. ఊరు వదిలి వెళ్లిపోయే కుర్రాడి పాట. అందులో వినిపించేది అచ్చంగా అతని గొంతే. ఒళ్లు జలదరించింది.