అల్యూమినియం లాప్‌టాప్ మూల సొట్టకు ఇంటి మరమ్మతు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

తాండూరు బండల మీద పడి ముందుమూల లోపలికి నొక్కుకుపోయిన నా అల్యూమినియం లాప్‌టాప్‌ను నల్లగొండలో ఇంట్లోనే సరిచేసుకొని, ఆ తర్వాత ఎండాకాలాలు గడిచినా దాని మీదే పని చేస్తున్నాను కాబట్టి, ఈ మరమ్మతులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో నమ్మకంగా చెప్పగలను.

అన్నిటికంటే బాగా నిలిచింది అంచును నున్నగా చేసిన పని. సొట్ట పడిన చోట లోహం పక్కకు ఉబికి కత్తిలా లేస్తుంది, టైపు చేస్తున్నంతసేపూ మణికట్టుకు గీసుకుంటుంది. అల్యూమినియం పొడి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక లోపలి సర్క్యూట్ బోర్డు మీద రేణువు కూడా పడకూడదు. అందుకే బ్యాటరీ కనెక్టర్ తీసి, అడుగు మూత తిరిగి బిగించి, పోర్టులన్నిటికీ టేపు అంటించాకే సన్నని ఆకురాయితో అంచు వెంబడి ఒకే దిశలో రాశాను. మెత్తని లోహం కావడంతో పొడి ఆకురాయి పళ్లలో ఇరుక్కొని కొత్త గీతలు పెడుతుంది. ముందుగానే దానికి సుద్దముక్క రుద్దితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. తర్వాత 400, 800, 1500 నంబర్ల వాటర్ పేపర్లను (నున్నగా రుద్దే గరుకు కాగితాలను) వరుసగా, నీళ్లు తగలనీయకుండా పొడిగానే వాడాను. ఇప్పటికీ ఆ అంచు మీద వేలు ఆగదు.

సొట్టను మాత్రం పూర్తిగా తీయాలని పట్టుబట్టకూడదు. రెండు టేకు చెక్కముక్కల మధ్య పెట్టి క్లాంపుతో మెల్లగా బిగించాలి. అల్యూమినియం వంగిన చోట గట్టిపడుతుంది, అటూ ఇటూ వంచితే పగులుతుంది. మూత సరిగ్గా మూసుకున్నాక నేను అక్కడితో ఆపేశాను.

రంగు విషయంలో ఇంటి మరమ్మతు చేతులెత్తేస్తుంది. ఆ బూడిద రంగు పైన పూసిన పెయింటు కాదు. ఆనోడైజింగ్ (విద్యుత్తుతో లోహం మీదే ఆక్సైడ్ పొర పెంచడం) చేసినప్పుడు ఏర్పడిన, కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే ఆక్సైడ్ పొరలోకి ఇంకిన రంగు. ఆకురాయి తగిలిన చోట అది పోయి తెల్లగా మెరుస్తుంది. పారదర్శకమైన గోళ్ల రంగు పూసి చూశాను గానీ, అరచేయి ఆనే చోట త్వరగానే అరిగిపోయింది. ఇత్తడి చెంబులకు పనికొచ్చే చింతపండును దీనికి రుద్దమని పెద్దవాళ్లు చెబుతారు, దయచేసి రుద్దకండి. ఆ పులుపు మిగిలిన పొరను కూడా తినేస్తుంది, బట్టల సోడా కూడా అంతే.

ఆనోడైజ్ పొర విద్యుత్తును అడ్డుకుంటుంది కాబట్టి, అది పోయిన చోట రెండు పిన్నుల చార్జర్ పెట్టినప్పుడు చేతికి సన్నని జిల్లు తగలవచ్చు. ఎర్తు ఉన్న ప్లగ్గులో మూడు పిన్నుల తీగ వాడాక నాకు అది ఆగిపోయింది.

సొట్ట తెరవైపు మూతకు, గాజు పక్కనే పడితే ఈ పద్ధతి అసలు వద్దు. క్లాంపు బిగింపుకు గాజు నిలవదు, దాన్ని రిపేరు షాపులోనే చూపించాలి.