నేపాల్ దారిలో బండి ఆగితే: బెజవాడలో సర్దుకున్న రిపేరు సంచి, ఎక్కువ కాలం వాడాక

ఇది డబ్బాలో పెట్టి అమ్మే రెడీమేడ్ టూల్ కిట్ సమీక్ష కాదు. విజయవాడ ఆటోనగర్‌లో విడివిడిగా కొని సర్దుకున్న, దాదాపు నాలుగు కిలోల సంచి సంగతి. బండి 400 సీసీ తరగతి, సింగిల్ సిలిండర్, ఫ్యూయల్ ఇంజెక్షన్. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 17, రెండూ ట్యూబు టైర్లే. హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి సరిహద్దుకు సుమారు 1,800 కిలోమీటర్లు. అంతవరకు ఎక్కడ ఆగినా ఎవరో ఒక మెకానిక్ దొరుకుతాడు. పోఖరా దాటి, బేని నుంచి జోమ్‌సోమ్, ముక్తినాథ్ వైపు ఎక్కుతున్నప్పుడే సంచికి అసలు పని పడుతుంది. అక్కడ ఒంటరిగా ఉన్నవాళ్లు బండిని, సామాన్ని వదిలేసి సాయం కోసం పోలేరు.

ఈ సంచిలో అన్నిటికంటే విలువైనది ఏదంటే వోల్టులు, ఓమ్స్ కొలిచే మల్టీమీటర్. మూడు నాలుగు వందలకు దొరికే మామూలు డిజిటల్ మీటర్ చాలు. ఆయిలు, చైను సరిగా చూసుకుంటున్న ఇంజెక్షన్ బండి దారిలో హఠాత్తుగా ఆగిందంటే ముందు అనుమానించాల్సింది కరెంటునే. పిస్టను, వాల్వులు సాధారణంగా ముందు ఏదో ఒక శబ్దం చేసిగానీ పోవు. పైగా మీటరు చేతిలో ఉంటే జోమ్‌సోమ్‌లో నిలబడి ఆటోనగర్ మెకానిక్‌కు ఫోన్ చేసినా పని జరుగుతుంది. “బండి స్టార్ట్ అవట్లేదన్నా” అంటే అంత దూరం నుంచి ఆయన మాత్రం ఏం చెప్పగలడు? “తాళం తిప్పకముందు 12.6 ఉంది, సెల్ఫ్ కొడితే 8.5కి పడిపోతోంది” అంటే చాలు. “బ్యాటరీలో సత్తువ లేదు తమ్ముడూ, ముందు టెర్మినళ్లు బిగించి మళ్లీ కొట్టు” అని అక్కడి నుంచే చెప్తాడు.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు కొన్నే. బండి ఆపి రాత్రంతా ఉంచాక మంచి బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. 12.2 ఉంటే సుమారు సగమే మిగిలినట్టు. సెల్ఫ్ కొట్టినప్పుడు 9.5 కంటే కిందికి పోకూడదు. ఇంజన్ నడుస్తూ 3,000 నుంచి 4,000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటుతోందంటే బ్యాటరీకి పోయే కరెంటును సరిచేసే రెగ్యులేటర్ రెక్టిఫయర్ అదుపు తప్పింది, అలాగే నడిపితే బ్యాటరీ ఉడికిపోతుంది. 13 కూడా రాకుండా నిమిష నిమిషానికి తగ్గుతోందంటే ఛార్జింగ్ లేదు. అప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే: పోయింది ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే స్టేటర్ కాయిలా, రెక్టిఫయరా?

ముందు కొత్త పార్టు మీదికి పోకుండా ఆ రెండింటి మధ్య ఉన్న కనెక్టర్ విప్పి చూడండి. లోపలి పిన్ను కాస్త వదులైతే అక్కడ వేడి పుట్టి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, చివరకు కరుగుతుంది. అలా కనిపిస్తే కాలిన భాగం కత్తిరించి, మూడు వైర్లను క్రింపు స్లీవులతో (వైర్ల కొసలు దూర్చి నొక్కితే పట్టుకునే చిన్న గొట్టాలు) నేరుగా కలిపేయండి. మూడూ ఏసీ వైర్లే కాబట్టి ఏది దేనికి కలిసినా ఫరవాలేదు. కనెక్టర్ బాగుంటే, దాన్ని ఊడదీసి స్టేటర్ నుంచి వచ్చే మూడు వైర్లను రెండేసి చొప్పున ఓమ్స్‌లో కొలవాలి. మూడు కొలతలూ సమానంగా, సాధారణంగా ఒక ఓమ్ లోపే ఉంటాయి. మీటరు వైర్లకే 0.2, 0.3 ఓమ్స్ ఉంటాయి. రెండు మొనలూ తాకించి ఆ అంకె తీసేయాలి. ఏ వైరు నుంచీ ఇంజన్ బాడీకి కనెక్షన్ చూపకూడదు, చూపితే కాయిల్ కాలినట్టే. తర్వాత ఇంజన్ నడుపుతూ ఏసీ వోల్టులు చూడాలి. 4,000 దగ్గర మూడు జతలూ ఒకేలా 50కి అటూ ఇటూగా గానీ, ఇంకా పైన గానీ చూపిస్తే స్టేటర్ బాగున్నట్టు, తప్పు రెక్టిఫయర్‌ది. నా సంచిలో స్పేర్ రెక్టిఫయర్ ఉంటుంది, స్టేటర్ ఉండదు. రెక్టిఫయర్‌కు రెండు బోల్టులు, రెండు కనెక్టర్లు, పదిహేను నిమిషాల పని. స్టేటర్ మార్చాలంటే ఆయిల్ తీసి, కవరు విప్పి, కొత్త గ్యాస్కెట్ వేయాలి. బరువూ ఎక్కువే.

పోయిన పార్టు మార్చే వీలు లేకపోతే బ్యాటరీ మీదే నడపాలి. పెట్రోల్ పంపు, ఇంజెక్టర్, ఇగ్నిషన్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) కలిపి సుమారు ఐదారు ఆంపియర్లు తింటాయి. 55 వాట్ల హెడ్‌లైటు ఒక్కటే ఇంకో నాలుగున్నర. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో వచ్చే కొత్త టూవీలర్లకు లైటు ఆపే స్విచ్ లేదు కాబట్టి ఫ్యూజు పీకాలి, లేదా బల్బు వెనక కనెక్టర్ ఊడదీయాలి. అప్పుడు నిండు 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ గంటకు కాస్త తక్కువ సేపు పని చేస్తుంది. పగటిపూట, ఎక్కడా ఆపకుండా, సెల్ఫ్ మళ్లీ కొట్టే అవసరం రాకుండా నడిపితే దగ్గర్లోని పెద్ద ఊరు చేరవచ్చు. రాత్రికి బ్యాటరీ విప్పి లాడ్జిలో ఛార్జి పెట్టుకోవచ్చు. అందుకే 12 వోల్టుల చిన్న ఛార్జరు కూడా సంచిలో పెట్టాను. ఒంటరి ప్రయాణానికి అది దండగ కాదు.

బండి పడ్డాక స్టార్ట్ కాకపోతే పానా పట్టకండి. బండి పడినప్పుడు ఇంజన్ ఆపే సెన్సర్ ఒకటి ఉంటుంది. బండి నిలబెట్టి, తాళం పూర్తిగా ఆపి, కాసేపాగి మళ్లీ తిప్పితే చాలా బండ్లలో అంతటితో సరి. తాళం తిప్పగానే పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమనాలి. ఆ శబ్దం రాకపోతే కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపేది), తర్వాత ఫ్యూజు, తర్వాత రిలే (పంపుకు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ డబ్బా), ఆ వరసలోనే చూడండి. హారన్ రిలే, పంపు రిలే చాలా బండ్లలో ఒకే రకం, అటుదిటు మార్చి పెడితే తేలిపోతుంది. ఇంటి దగ్గరే ఆ పని ఒకసారి చేసి, మీ బండిలో కుదురుతుందో లేదో చూసుకోండి. పంపు మోగుతోంది, గేరు వేయగానే ఇంజన్ ఆగిపోతోంది అంటే సైడ్ స్టాండ్ స్విచ్‌లో బురద. నీళ్లతో కడిగి పదిసార్లు స్టాండు ఎత్తి దించితే తరచుగా పని చేస్తుంది.

వాగు దాటేటప్పుడు నీళ్లు ఎయిర్ ఫిల్టర్‌లోకి పోయి ఇంజన్ ఆగితే, సెల్ఫ్ అస్సలు కొట్టకండి. నీరు గాలిలా నలగదు, పిస్టన్ మీద నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఫిల్టర్ తీసి నీళ్లు దులిపి, ప్లగ్గు లేకుండానే సెల్ఫ్ కొడితే నీళ్లన్నీ ఆ రంధ్రంలోంచి చిమ్ముకొస్తాయి. మొహం అడ్డం పెట్టకండి. ఇంజన్ పక్కన ఆయిల్ మట్టం చూసే గాజు బిళ్లలో పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే ఆయిల్ మార్చాకే ఇంజన్ నడపాలి. మార్చేటప్పుడు డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ2 (JASO MA2) అనే మోటార్‌సైకిల్ ఆయిల్ గుర్తు ఉండాలి. కార్ల ఆయిల్‌లో జారుడు పెంచే పదార్థాలుంటాయి, ఆయిల్‌లోనే తిరిగే క్లచ్ ప్లేట్లు జారతాయి.

ఇక ముక్తినాథ్ దగ్గర బండి లాగకపోవడం రిపేరు కాదు. ఎత్తు సుమారు 3,800 మీటర్లు, గాలి సాంద్రత బెజవాడతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఇంజెక్షన్ బండి పెట్రోల్‌ను దానికి తగ్గట్టు తగ్గించుకుంటుంది గానీ, పోయిన బలం ఎక్కడి నుంచి తెస్తుంది? ఒక గేరు తగ్గించి ఎక్కించండి. కానీ కాళీ గండకి లోయలో మధ్యాహ్నం నుంచి లేచే గాలి దుమ్ముకు ఫిల్టర్ నిజంగానే మూసుకుపోతుంది. పేపర్ ఫిల్టర్‌ను కడగకూడదు. మెల్లగా తట్టి, లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి.

పంచర్లకు ట్యూబు టైరైతే టైరు ఊడదీసే మూడు లీవర్లు, 21 అంగుళాల ట్యూబు ఒకటి చాలు. అవసరం పడితే అదే ట్యూబు వెనక 17లో కూడా మడత పడకుండా సర్ది ఎక్కించి, నెమ్మదిగా ఊరు చేరవచ్చు. రెండో ట్యూబు మోయక్కర్లేదు. టైరు అంచు రిమ్మును వదలకపోవడమే కష్టమైన భాగం. సబ్బు నీళ్లు పోసి, అంచు మీద ఒక లీవరు బోర్లించి దాని మీద మడమతో తొక్కాలి. ట్యూబ్‌లెస్ వాళ్లకు రంధ్రంలో దూర్చే జిగురు రబ్బరు స్ట్రిప్పులు, వాటి సూది, రీమర్ (రంధ్రం గరుకు చేసే గరగర పుల్ల) చాలు. మేకు ఏ వాలులో దిగిందో అదే వాలులో రీమర్ నాలుగైదు సార్లు తిప్పి, స్ట్రిప్పును మూడింట రెండొంతులు లోపలికి దించి సూది ఒక్క లాగుతో తీయాలి. బయట 3, 4 మిల్లీమీటర్లు మిగిల్చి కోయాలి. టైరు పక్క గోడ చిరిగితే స్ట్రిప్ పెట్టి వేగంగా నడపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

గాలికి 12 వోల్టుల చిన్న కంప్రెసరే నమ్మకం. అది 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి హ్యాండిల్ దగ్గరి ఛార్జింగ్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోతుంది. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో విడిగా వైరు లాగించుకోండి. టైర్లో గాలి నింపే కార్బన్ డయాక్సైడ్ గుళికలు సంచిలోంచి తీసేశాను: 16 గ్రాములది ఒక్కటి మోటార్‌సైకిల్ టైరుకు చాలదు, వాడేస్తే మళ్లీ దొరకవు. టైర్లో పోసే జిగురు ద్రవం కూడా వద్దు, తర్వాత ప్యాచ్ అంటదు.

చైనుకు సరిపోయే క్లిప్ లింకులు (క్లిప్పుతో బిగించే విడి లింకులు) రెండు, పిన్ను నెట్టి చైను విడదీసే చిన్న చైన్ బ్రేకర్, ఒక ఆకురాయి పెట్టుకోండి. తెగింది బయటి పట్టీ అయితే ఆ లింకు తీసి క్లిప్ లింకు వేస్తే సరి, పొడవు మారదు. రోలరున్న లోపలి లింకు విరిగితే దాన్నీ, దానికి రెండు పక్కల ఉన్న బయటి లింకుల్నీ తీసి ఒక్క క్లిప్ లింకుతో కలపాలి. చైను రెండు లింకులు కురచ అవుతుంది, వెనక చక్రాన్ని ముందుకు జరపాలి. పిన్ను తలను ఆకురాయితో అరగదీయకుండా నెడితే బ్రేకర్ మొనే విరుగుతుంది. క్లిప్పు మూసి ఉన్న వైపు చైను తిరిగే దిక్కుకు ఉండాలి. క్లచ్ వైరుకు తేలిక మార్గం ఉంది: కొత్త వైరును పాత దాని పక్కనే, అదే దారిలో ముందే లాగి టేపు చుట్టేయండి. దారిలో రెండు కొసలు తగిలిస్తే చాలు.

వెనక యాక్సిల్ నట్టు పానా పెద్దది, బరువు. ఆటోనగర్ లేతు షాపులో మందపాటి ఇనుప పట్టీకి ఒక కొసన ముందు చక్రం నట్టు, ఇంకో కొసన వెనక చక్రం నట్టు కొలత కోయించుకుంటే రెండు పానాల పని ఒక్కటే చేస్తుంది. అలాంటిది ఏ రెడీమేడ్ కిట్‌లోనూ కనపడలేదు. దాంతో పాటు ఎం6, ఎం8 (6, 8 మిల్లీమీటర్ల) బోల్టులు పదేసి, బైండింగ్ వైరు, జిప్ టైలు, పిసికి పెడితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ. ఇంజన్ కవరు పగులుకు పుట్టీ పెట్టేముందు పెట్రోల్‌తో తుడిచి గరుకు కాగితంతో రుద్దాలి, జిడ్డు మీద పెడితే ఊడిపోతుంది. క్లచ్, బ్రేక్ లివర్ల బిగింపును చేత్తో గట్టిగా తిప్పితే తిరిగేంత వదులుగా ఉంచండి. బండి పడితే లివరు విరగకుండా పక్కకు తిరుగుతుంది.

మన ఊరి ఎండకు ఈ సంచే పాడవుతుంది. వేసవిలో టాప్ బాక్సులో వదిలేస్తే రబ్బరు సొల్యూషన్ ట్యూబులో గడ్డకడుతుంది, స్ట్రిప్పులు బిరుసెక్కుతాయి, పుట్టీ పిసికితే కలవదు. ఈ మూడూ ఏటా కొత్తవి కొనాలి, ఇంట్లో నీడన ఉంచాలి. లిథియం బ్యాటరీతో నడిచే గాలి పంపుకు ఈ వేడి ఇంకా చేటు, అందుకే వైరు పంపును ఎంచుకున్నాను.

పార్టులకు వస్తే, నేపాల్‌లో పల్సర్లు చాలా తిరుగుతాయి. బల్బు, రిలే, వైర్లు లాంటి మామూలువి చిన్న ఊళ్లలోనూ దొరుకుతాయి. మోడల్‌కు ప్రత్యేకమైన పార్టుకు పోఖరా, కాఠ్మాండూ దిక్కు. డబ్బు లెక్కకు మన 100 రూపాయలు వాళ్ల 160.

బండి ఆగినా భన్సార్ చీటీ మీద రోజులు ఆగవు. సరిహద్దులో కస్టమ్స్ వాళ్లు ఇచ్చే ఆ అనుమతికి రోజుల లెక్కన కట్టించుకుంటారు. పార్టు కోసం ఎదురుచూడాల్సి వస్తే గడువు తీరకముందే కస్టమ్స్ ఆఫీసులో అడగండి, మెకానిక్ రాసిన చీటీ వెంట ఉంచుకోండి. మన మోటార్ పాలసీ నేపాల్‌లో చెల్లాలంటే ఐఎంటీ-1 అనే ప్రాంత విస్తరణ ఎండార్స్‌మెంట్ బయలుదేరేముందే రాయించుకోవాలి. బండిని అక్కడ వదిలేసి రావడానికి లేదు, జీపులో ఎక్కించైనా సరిహద్దు దాటించాలి. అందుకని ఆర్‌సీతో పాటు ఇంజన్, చాసిస్ నంబర్ల ఫోటోలు, బండి వైరింగ్ బొమ్మ, భన్సార్ చీటీ ఫోటో ఫోన్‌లో ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునేలా దాచుకోండి. ఒక కాగితం కాపీ సంచిలో, మీటరు పక్కనే ప్లాస్టిక్ కవరులో ఉండాలి.