కాంపిటీషన్ పోస్టుకార్డు: బరంపురం నుంచి పోటీలకు రాసేవారి కోసం

పత్రికల్లోని గళ్ళనుడికట్టులకూ, రేడియో, టీవీ ప్రశ్నలకూ సమాధానాలు పంపడం వ్యాపకంగా పెట్టుకున్న ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగువారికి తపాలా శాఖవారి కాంపిటీషన్ పోస్టుకార్డు ఎంతవరకు ఉపకరిస్తుందో చెప్పదలచాను. మామూలు కార్డు వెల యాభై పైసలు. దీని వెల 10 రూపాయలు. ఇరవై రెట్లు ఎక్కువని చాలామంది వెనుకాడతారు గాని, ఇది పోటీల జవాబుల కోసమే ప్రత్యేకించిన కార్డు. జవాబు, పేరు, చిరునామా, ఫోను నంబరు మినహా మరేమీ అక్కరలేని పోటీలకు ఇంతకంటే హాయైన సాధనం లేదని నా అభిప్రాయం.

అయితే కూపను కత్తిరించి పంపమనే పత్రికలకు ఈ కార్డు పనికిరాదు. అటువంటప్పుడు 20 గ్రాముల లోపు కవరుకు 5 రూపాయల తపాలా బిళ్ళ చాలు. అంటే కార్డులో సగం ఖర్చే. నియమాలు పూర్తిగా చదవకుండా ముందే కార్డుల కట్ట కొని పెట్టుకునేవారు ఈ సంగతి గమనించాలి.

చిరునామా రాయడంలో మనవైపు వారు తీసుకోవలసిన జాగ్రత్త ఒకటుంది. మన ఉత్తరం ముందుగా ఒడియా, హిందీ, ఇంగ్లీషు చదివేవారి చేతుల మీదుగా సాగుతుంది కనుక, జవాబు తెలుగులో రాసినా, పత్రిక పేరు, ఊరు, జిల్లా, రాష్ట్రం మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో విడివిడిగా రాసి, ఆరంకెల పిన్ కోడును ఒక్కో గడిలో ఒక్కో అంకె చొప్పున నింపడం మంచిది. అందులో ఒక్క అంకె తప్పినా కార్డు మరో ఊరికి పోయి, గడువు దాటాక చేరవచ్చు. జెల్ పెన్నుతో రాస్తే తేమకు అక్షరాలు అలుక్కుపోతాయి. బాల్ పెన్నే నయం. దసరా, దీపావళి రోజుల పోటీలకు ఈ తేమ భయానికి తోడు తుపాను భయం కూడా ఉంటుంది. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరులోనే. 2018లో తిత్లీ వచ్చినదీ ఆ నెలలోనే. కనుక శరదృతువులో గడువుకు కనీసం పది రోజుల ముందే డబ్బాలో వేయాలి.

ఈ కార్డులో నాకు నచ్చనిది ఒక్కటే: చేరిందో లేదో తెలుసుకునే మార్గం లేదు. ట్రాకింగ్ నంబరు ఉండదు. చిన్న బహుమతి పోటీలకు ఆ లోటును సహించవచ్చు గాని, నెలల తరబడి చెక్కుకున్న కథను పోటీకి పంపేటప్పుడు సహించలేము. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక, ఇప్పుడు కథలకు స్పీడ్ పోస్టే గతి. ఊరు దాటి వెళ్ళే 50 గ్రాముల లోపు ఉత్తరానికి 47 రూపాయలు, పైన జీఎస్టీ. కథ పెద్దదై, పైన అది సొంత రచనేనన్న హామీపత్రం కూడా చేరిస్తే బరువు తరువాతి అంచెలోకి పోవచ్చు. నిర్వాహకులు ఈమెయిలుకు అనుమతిస్తే ఆ దారే ఎంచుకోవడం ఉత్తమం.

ఈ కార్డులు అన్ని తపాలా కార్యాలయాల్లోనూ నిల్వ ఉండవు. పర్లాకిమిడి వంటి చోట్ల నుంచి బరంపురం పనిమీద వచ్చేవారు హెడ్ పోస్టాఫీసులో అడిగి, దొరికితే రెండు మూడు నెలలకు సరిపడా ఒకేసారి తీసుకువెళ్ళడం మేలు.